వాగు ఎండిననాడు

నల్లగొండ జిల్లాలోని హాలియా పట్టణము అదే పేరుగల వాగు చెంత నున్నది. ఈ వాగు కృష్ణానదిలో కలియును. 1967వ సంవత్సరమున నాగార్జునసాగరము ఎడమకాలువకు నీరు వదలిన పిదప ఈ ప్రాంతమున వరిపొలములు పెరిగినవి. వాని ఊటనీరు చేరుచోట్ల వాగులు తడియారకుండును. ఆ నీరందని మెట్టవాగులు మాత్రము ఎండకాలమున ఇసుకబాటలై పోవును. చూచినవారు వాగు చచ్చినదందురు. తొందరపడి అనిన మాట అది.

నీరున్నప్పుడు వాగులో ఒక రాతిని తిరుగవేసి చూడవలెను. మేఫ్లై అను కీటకముయొక్క పిల్లలు దాని అడుగున అంటుకొని పాచిని గీరి తినుచుండును. ఇవి వారముల తరబడి నీటిలో పెరిగి, రెక్కలు వచ్చిన పిదప ఏమియు తినక ఒకటి రెండు దినములలోనే మరణించును. కాడిస్ ఫ్లై అను పురుగు నేర్పు మఱింత వింతైనది. అది నోటినుండి పట్టుదారము తీసి, ఇసుకరేణువులను కూర్చి గొట్టమువంటి ఇల్లు కట్టుకొనును. దాని జాతిలోనే కొన్ని ప్రవాహమునకు ఎదురుగా వలలు నేసి, కొట్టుకొనివచ్చు ఆహారమును పట్టును. చేనేతకు పేరొందిన నల్లగొండ సీమలో మగ్గములేని ఈ నేతగాని నెఱిగినవారు కొద్దిమందియే! తూనీగపిల్ల క్రిందిపెదవిని ముందునకు చాచి దోమపిల్లలను పట్టి మ్రింగును. గట్టుమీది చెట్లనుండి రాలిన ఆకులను కొన్ని పురుగులు కొఱికి తుంపులు చేయగా, ఆ తుంపులు మఱికొన్నిటికి తిండియగును. ఇవన్నియు చేపలకును కప్పలకును ఆహారమగును.

నీరింకుటతోడనే ఈ జీవులన్నియు నశింపవు. నత్తగుల్ల బురదలో దిగి, గట్టి మూతతో వాకిలి బిగించుకొని నెలల తరబడి నిద్రించును. దానికి మొప్పయు ఊపిరితిత్తియు రెండును గలవు. ఎండ్రకాయ తడి తగులువరకు గట్టున బొరియ త్రవ్వును. తల్లి ఎండ్రకాయ గ్రుడ్లను, అటుపిమ్మట పిల్లలను, కడుపుక్రింది మడతలో దాచుకొనును. సముద్రపు పీతపిల్లలవలె ఇవి నీటిలో తేలియాడు దశను దాటనక్కఱలేదు. రొయ్యకు దూరపు చుట్టములైన కొన్ని సూక్ష్మజీవుల గ్రుడ్లు ఎండుమట్టిలో ఏండ్లు పడియుండి, నీరు తగులగానే పొదుగును. మఱికొన్ని పురుగులు ఇసుకలోతున మిగిలిన చెమ్మలోనికి దిగును. రెక్కలున్నవి చెఱువులకు ఎగిరిపోవును. వానలవెంట వచ్చు పసుపువన్నె తూనీగలలో ఒక జాతి భారతదేశమునుండి సముద్రము దాటి ఆఫ్రికాకు పోవునని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు.

కావున ఎండినవాగునందలి ఇసుక వట్టి ఇసుక గాదు. రాబోవు వానకాలపు జీవములకు విత్తనపుగాదె. ఇండ్లు కట్టుటకు దానిని అడుగంట తోడి లారీలకు ఎత్తినచో ఆ విత్తనముకూడ తరలిపోవును. తొలకరి వచ్చినను అచట పాఱునది ఒట్టి నీరే. పొలములపై చల్లిన పురుగుమందు వాగులోనికి దిగినను ముందుగా నశించునవి మేఫ్లైలవంటి సున్నితజీవులే. మురుగు చేరి నీటిలో ప్రాణవాయువు తగ్గినచోట ఎఱ్ఱని సన్నపురుగులు మిగులును. మనుష్యరక్తమునకు ఎఱుపు నిచ్చు పదార్థమువంటిదే వాని దేహములోను ఉండుటచే, ఆ కొద్దిపాటి ప్రాణవాయువుతోనే అవి బ్రతుకగలవు. అందుచేతనే వాగునీటిని పరీక్షించువారు సీసాలతోపాటు వలనుకూడ కొనిపోయి, రాళ్లక్రింద నేవి యున్నవో లెక్కించుదురు.