థర్మోస్టాటు మార్పిడి: ఖర్చులోని పద్దులు

వేసవిలో నిజామాబాదు నుండి బోధనుకు పోయే బాటలో, పొగలు చిమ్ముతూ చెట్టునీడన నిలిచిపోయిన మోటారు కారును చూడనివారు అరుదు. ముందుమూత యెత్తి నిలుచున్న యజమానికి అప్పుడు తోచే ప్రశ్న ఒక్కటే: దీనికి ఎంత ఖర్చవుతుంది?

ఇంజను అతిగా వేడెక్కడానికి కారణాలు అనేకం. రేడియేటరు కారడం, పంకా తిరగకపోవడం, నీటిపంపు చెడిపోవడం వాటిలో కొన్ని. అన్నిటిలోను చిన్న వస్తువు థర్మోస్టాటు. ఇది ఇంజనుకూ రేడియేటరుకూ నడుమ వుండే కవాటం. దీని గర్భంలో మైనం వుంటుంది. ఇంజను చల్లగా వున్నంతవరకు కవాటం మూసుకొని నీటిని ఇంజనులోనే త్రిప్పుతుంది. వేడి సుమారు 82 నుండి 90 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరగానే మైనం కరిగి వ్యాకోచిస్తుంది. కవాటం తెరుచుకొని నీరు రేడియేటరుకు పోతుంది. కవాటం మూసుకొని బిగుసుకుంటే ఇంజను ఉడికిపోతుంది. తెరచుకొని బిగుసుకుంటే ఇంజను తగినంత వేడెక్కక ఇంధనం వృథా అవుతుంది.

ఇక మరమ్మతు పద్దు. ఇందులో నాలుగు అంశాలు వుంటాయి: థర్మోస్టాటు, దాని రబ్బరు వలయం లేక గాస్కెట్టు, కూలెంటు, పనివాని కూలి. పాత కార్లలో కవాటం విడిగా దొరుకుతుంది. కొత్త కార్లు పెక్కింటిలో దానిని బిగించిన తొడుగుతో సహా కొనవలసి వస్తుంది గనుక వెల పెరుగుతుంది. కూలి తరచు వస్తువు వెలను మించుతుంది. యెందుకనగా కూలెంటు దించడం, అడ్డువచ్చిన భాగాలు విప్పడం, తిరిగి నింపి లోపలి గాలిని పూర్తిగా వెడలగొట్టడం ఓపికతో చేయవలసిన పనులు. పెక్కు విడిభాగాలపై 28 శాతంగా వుండిన వస్తు సేవల పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి 18 శాతానికి తగ్గినది. కూలిపై పన్ను కూడ 18 శాతమే.

“మన యెండలకు థర్మోస్టాటు ఎందుకు? తీసివేస్తే సరి” అనే మాట మరమ్మతు దుకాణాలలో వినవస్తుంది. ఇది యుక్తం కాదు. మే నెలలో మనలను మాడ్చే 45 డిగ్రీల వేడి, 90 డిగ్రీలు కోరే ఇంజనుకు చలియే. పైగా కొన్ని ఇంజన్లలో ఈ కవాటం తెరుచుకునేటప్పుడే ప్రక్కదారిని మూస్తుంది. దానిని తొలగిస్తే వేడినీటిలో కొంత రేడియేటరుకు పోకుండానే తిరుగుతూ వుంటుంది. ఖర్చు తప్పినదనుకున్న చోటనే మరొక ఖర్చు మొదలవుతుంది.

మరొక జాగ్రత్త ప్రాణరక్షణకు సంబంధించినది. 1937లో స్థాపితమై 2015లో మూతపడిన బోధను నిజాం చక్కెర కర్మాగారంలో పనిచేసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. చక్కెర కర్మాగారాలలో పాకాన్ని గాలి తీసివేసిన పాత్రలలో ఉడికిస్తారు. పీడనం తగ్గితే పాకం తక్కువ వేడికే మరుగుతుంది, చక్కెర మాడదు. రేడియేటరులో జరిగేది దీనికి విపర్యయం. బిగిమూత పీడనాన్ని పెంచుతుంది గనుక నీరు 100 డిగ్రీలు దాటినా మరుగదు. బండి వేడిగా వున్నప్పుడు ఆ మూత తీస్తే, అణగివున్న నీరు ఒక్కుమ్మడిగా ఆవిరియై ముఖంపైకి ఎగసిపడుతుంది.

కనుక వేడిముల్లు గీత దాటగానే బండిని నిలిపి, ఇంజను ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి. అలాగే నడిపితే ఇంజను తల వంకరపోవచ్చు. ఆ మరమ్మతు ముందు థర్మోస్టాటు ఖర్చు లెక్కలోనికే రాదు. పని ఒప్పగించే ముందు నాలుగు పద్దులనూ విడివిడిగా వ్రాసి యిమ్మని అడగండి. తీసిన పాత కవాటాన్ని మీరే తీసుకోండి. వంటకు వాడని గిన్నెలో నీరు మరిగించి దానిని అందులో దారంతో వ్రేలాడదీయండి. అది చక్కగా తెరుచుకొని, చల్లారిన తరువాత మూసుకుంటే, దోషం వేరొకచోట వున్నదేమోనని మెకానిక్కును అడగడానికి మీకు ఆధారం దొరికినట్లే.