గోనె సంచి బరువు తీసేశారా?

పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్ వైవాలో నేను చెప్పిన ఒక్క జవాబు మా నలుగురి బ్యాచ్‌నీ ముంచేసింది. మండల కేంద్రంలోని ఆసుపత్రి నుంచి ఎక్స్‌రేలను ఒక ఇ-1 లైన్ మీద జిల్లా ఆసుపత్రికి పంపడం మా ప్రాజెక్ట్. కాగితం మీద డిజైన్ మాత్రమే లెండి. ఎగ్జామినర్ సార్ అడిగారు: "10 మెగాబైట్ల ఎక్స్‌రే వెళ్లడానికి ఎంతసేపు పడుతుంది?"

ఇ-1 వేగం 2.048 ఎంబీపీఎస్ అని నాకు కంఠతా వచ్చు. 10ని 2.048తో భాగించేసి, "ఐదు సెకన్లు కూడా పట్టదు సార్" అన్నాను.

సార్ నవ్వలేదు, తిట్టలేదు. "రోజుకి 200 ఎక్స్‌రేలు వస్తే?"

"1000 సెకన్లు సార్. 17 నిమిషాలు."

"అసలు లెక్క రెండు గంటలు దాటుతుందమ్మా. రోగి అప్పటిదాకా బెంచీ మీదే కూర్చోవాలా?"

మార్కులు పోయిన బాధ వారంలో తగ్గింది కానీ ఆ బెంచీ మాత్రం గుర్తుండిపోయింది. అందుకే ఈ వ్యాసం. నేను చేసిన తప్పులు మీరు చేయకూడదని.

మొదటి తప్పు అందరికీ తెలిసిందే, అందరం చేసేదే. లైన్ వేగాన్ని బిట్లలో చెబుతారు, ఫైల్ సైజుని బైట్లలో చెబుతారు. ఒక బైట్‌కి 8 బిట్లు. అంటే 10 మెగాబైట్లు 8 కోట్ల బిట్లు. దాన్ని 20,48,000తో భాగిస్తే 39 సెకన్లు వస్తుంది. ఐదెక్కడ, ముప్పై తొమ్మిదెక్కడ!

రెండో తప్పు కాస్త లోతైనది. అది అర్థం కావాలంటే అసలు ఈ 2.048 ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

ఫోన్‌లో మన గొంతుని సెకనుకి 8000 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతకి 8 బిట్లు. 8000ని 8తో గుణిస్తే 64,000. ఈ 64 కేబీపీఎస్ ఒక్క కాల్‌కి కావలసిన దారి. దీన్నే డీఎస్-0 అంటారు. మిగతా లెక్కలన్నిటికీ పునాది ఇదే.

మన దేశంలోనూ యూరప్‌లోనూ వాడే ఇ-1లో ఇలాంటి గదులు 32 ఉంటాయి. 32 ఇంటూ 64 అంటే 2048. అయితే సున్నా నంబర్ గది ఫ్రేమ్ ఎక్కడ మొదలైందో చెప్పడానికి పోతుంది. ఫోన్ కాల్స్ నడిపేటప్పుడు 16వ గది మామూలుగా సిగ్నలింగ్‌కి పోతుంది. మిగిలినవి 30. అసలు సరుకు, అంటే పేలోడ్, 1.920 ఎంబీపీఎస్. 16వ గదిని కూడా డేటాకే ఇస్తే 1.984.

అమెరికాలో 1962లో బెల్ సిస్టమ్ మొదలుపెట్టిన టి-1 దారి వేరు. అందులో గదులు 24. 24 ఇంటూ 8, 192 బిట్లు. ఫ్రేమ్ గుర్తుకి ఇంకొక్క బిట్ కలిపి 193. సెకనుకి 8000 ఫ్రేములు కాబట్టి లైన్ వేగం 1.544, పేలోడ్ 1.536. పాత పద్ధతిలో సిగ్నలింగ్ కోసం ప్రతి ఆరో ఫ్రేమ్‌లో ఒక్కో గది నుంచీ ఒక బిట్ లాగేసుకుంటారు. మాటలకైతే చెవి పట్టించుకోదు, డేటాకైతే కుదరదు. అందుకని గదికి 56 కేబీపీఎస్సే లెక్కపెట్టేవారు. అప్పుడు మొత్తం 1.344.

పై మెట్లకి వెళ్లినా ఇదే కథ. టి-3లో 28 టి-1లు, అంటే 672 గదులు. లైన్ వేగం 44.736, అసలు సరుకు 43.008. ఇ-3లో 16 ఇ-1లు, 480 కాల్స్. లైన్ వేగం 34.368, సరుకు 30.720.

ఇదంతా ఫోన్‌లో నాన్నకి చెప్పుకుని ఏడిస్తే, ఆయన అంతా విని ఒక్క మాట అన్నారు: "కాటా మీద 40 కిలోలు చూపిస్తే 40 కిలోల వడ్లు అనుకున్నావా తల్లీ? గోనె సంచి బరువు తీసెయ్యొద్దూ?"

ప్రతి సీజన్‌లో కొనుగోలు కేంద్రంలో ఆయన పక్కన నిలబడి ఆ లెక్క రాసింది నేనే. వైవాలో మాత్రం గుర్తు రాలేదు!

మూడో తప్పు నుంచి తప్పించుకున్నాను కానీ చెప్పాలి. ఈ లైన్లలో కిలో అంటే కచ్చితంగా 1000, మెగా అంటే 10 లక్షలు. కంప్యూటర్‌లో ఫైల్ సైజు దగ్గర చాలాచోట్ల కిలో అంటే 1024 అవుతుంది. అలా లెక్కిస్తే 10 మెగాబైట్లు 8,38,86,080 బిట్లు.

కాబట్టి వరుస ఇది. ముందు ఫైల్‌ని బిట్లలోకి మార్చండి. తర్వాత లైన్‌లో సరుకు మోసే గదులెన్నో లెక్కపెట్టి 64,000తో గుణించండి. చివర్లో భాగించండి. మా ఎక్స్‌రేకి 8 కోట్లని 19,20,000తో భాగిస్తే దాదాపు 42 సెకన్లు. 200 ఎక్స్‌రేలకి సుమారు 2 గంటల 19 నిమిషాలు. సార్ చెప్పింది అక్షరాలా నిజం.

ఇప్పుడు ఇ-1 ఎవరు వాడతారులే అంటారా? హాస్టల్ వైఫై 100 ఎంబీపీఎస్ అని చెప్పి, డౌన్‌లోడ్ 12 మెగాబైట్ల దగ్గరే ఆగిపోతోందని తిట్టుకున్న రోజు గుర్తు తెచ్చుకోండి. 100ని 8తో భాగిస్తే పన్నెండున్నర. అందులోనూ సంచి బరువు ఉంది మరి!