కోపము ఎవరిపైకి?

తమ శిష్యులలో విద్యాప్రియుడెవరని లూ రాజ్యపు ప్రభువు అడుగగా, చీనా దేశపు కన్ఫ్యూషియస్ అకాలమరణము చెందిన యన్ హుయ్‌ను స్మరించెను. అతడెన్ని గ్రంథములు చదివెనో చెప్పలేదు. ఒకరిపై కలిగిన కోపమును వేరొకరిపై చూపలేదనియు, చేసిన తప్పు మరల చేయలేదనియు చెప్పెను. శాస్త్రాధ్యయనమునందే జీవితము గడిపిన నన్ను ఈ సమాధానము ఆలోచింపజేసినది.

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) కోపమును పూర్తిగా నిషేధింపలేదు. తగిన కారణమునకు, తగినవారిపై, తగిన సమయమున, తగినంతసేపు నిలుచు కోపము ప్రశంసార్హమనెను. కోపింపవలసినచోట కోపింపనివానిని అవివేకిగా నెంచెను.

బలవంతుడు రేపిన కోపము మన యిండ్లలో ఎదురు చెప్పలేని ఇల్లాలిపై, బిడ్డలపై, పనివారిపై పడుచున్నది. అది ధర్మాగ్రహము కానేరదు. భక్తులారా, గడప దాటుటకు ముందు, మీ కోపమునకు కారకులు లోపలివారేనా యని ఒక్కసారి విచారింపుడు.