ఆడపిల్ల గదికి పాతకాలపు సొగసు



ఇంట్లో ఆడపిల్ల పుడితే మహాలక్ష్మి వచ్చిందంటాం. ఆ మహాలక్ష్మికంటూ ఇంట్లో ఒక చోటు అమర్చి, ముచ్చటగా అలంకరించడం మాత్రం మన పలాస, టెక్కలి వంటి వూళ్ళకి కొత్త సరదాయే. వెనుకటి ఇళ్ళలో పురుటిగది వుండేది, దూలానికి కట్టిన చీర ఉయ్యాల వుండేది, అంతే. ఇప్పుడు సెల్‌ఫోన్లో విదేశాల గదుల బొమ్మలు చూసి, "మా పాపకీ ఇలాంటి గది వుంటే ఎంత బాగుంటుందో!" అనుకునే తల్లులు చాలామంది వున్నారు. ఆ బొమ్మల్లో అందరి మనసూ దోచేది విక్టోరియా రాణి కాలపు అలంకరణ. తెల్లని లేసు తెరలు, పువ్వుల చట్రంతో ఇనుప మంచం, గోడ నిండా చిన్నచిన్న గులాబీలు, పైనుంచి జారే పల్చటి పరదా! చూడ ముచ్చటగానే వుంటుంది. అయితే అందులో ఏది తీసుకోవాలి, ఏది వదిలెయ్యాలి, మన ఉద్దానం ఉప్పుగాలికి ఏది నిలుస్తుంది అన్నది ఇవాళ చెప్పుకుందాం.

విక్టోరియా రాణి 1837 నుంచి 1901 దాకా పాలించింది. 1840లో తన పెళ్ళికి ఇంగ్లండులోని హానిటన్ లేసు ధరించింది. మరుసటి సంవత్సరం తొలిచూలు బిడ్డ జ్ఞానస్నానానికి పట్టుమీద అదే రకం లేసు వేసి గౌను కుట్టించింది. ఆ బిడ్డ ఆడపిల్లే! 2004 దాకా ఆ రాజకుటుంబంలో తరతరాల పిల్లలకి ఆ గౌనే తొడిగారు. తెలుపు, లేసు, పసితనం, ఈ మూడూ కలిసి ఒక ముచ్చటగా ముడిపడింది ఆ కాలంలోనే.

ఆ లేసు మనకి పరాయిది కూడా కాదు. విక్టోరియా కాలంలోనే క్రైస్తవ మిషనరీలు గోదావరి జిల్లాలో నరసాపురం ప్రాంతపు ఆడవాళ్ళకి లేసు అల్లిక నేర్పారు. అక్కడి నుంచి క్రోషియా సూది తెలుగు ఇళ్ళన్నిటికీ పాకింది. రేడియో మీద కప్పిన గుడ్డ, కుర్చీ వెనక వేసిన గుడ్డ, అన్నీ మన అమ్మలు అల్లినవే కదా! మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం లేసు పనివాళ్ళ మీద 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. వాళ్ళ శ్రమని ఇల్లాళ్ళ కాలక్షేపంగా లెక్కగట్టి, అతి తక్కువ కూలి ఇస్తున్నారని అందులో చూపించారు. కాబట్టి లేసు కొనేటప్పుడు గీచిగీచి బేరమాడకండి. అది ఇంకో ఇల్లాలి కంటిచూపు.

ఇక ఆ కాలపు పిల్లల గదుల అసలు సంగతి వినండి. కలవారి ఇళ్ళలో ఆ గది మేడ పైఅంతస్తులో వుండేది. పిల్లలు ఆయా దగ్గర పెరిగేవారు. సాయంత్రం ముస్తాబు చేసి కాసేపు తల్లిదండ్రుల దగ్గరికి తీసుకొచ్చేవారు. గోడలకి అంటించిన పచ్చరంగు కాగితాల్లో పాషాణం కలిసేది. 1862లో లండన్ నగరం లైమ్‌హౌస్ పేటలో ఒకే ఇంట్లో నలుగురు పిల్లలు పోతే, చూసిన వైద్యుడు గోడకాగితం రంగునే తప్పుపట్టాడు. బరువైన తెరలు, దుమ్ముపట్టే కుచ్చులు, మూసిన కిటికీలు... బొమ్మలో సొగసుగా కనిపించే గది పసిబిడ్డ ఊపిరికి అంత మంచిది కాదన్నమాట. అందుచేత ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుంటే చాలు. అలంకరణంతా గోడ మీద, కిటికీ దగ్గర వుండాలి. బిడ్డ పడుకునే చోట ఏమీ వుండకూడదు.

మొదటి ప్రశ్న, గది ఎక్కడ? పాపాయి కనీసం ఆరు నెలలు తల్లి పడుకునే గదిలోనే, కాని వేరే పక్క మీద పడుకోవాలని ఇప్పటి పిల్లల వైద్యులు చెబుతున్నారు. కాబట్టి రెండు గదుల ఇంట్లో వున్నవాళ్ళు బెంగపెట్టుకోనక్కరలేదు. మీ పడకగదిలోనే ఒక మూల, ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు వుంటే పాపాయి రాజ్యం అమరిపోతుంది.

రెండో ప్రశ్న, ఎప్పుడు? విదేశాల్లో పుట్టేది ఆడపిల్ల అని ముందే తెలుసుకుని గది సిద్ధం చేస్తారు. మన దేశంలో 1994 చట్టం ప్రకారం ఆ సంగతి అడగటమూ నేరమే, చెప్పటమూ నేరమే. ఎందుకో మీకు చెప్పనక్కరలేదు. పైగా పుట్టకముందే సామాన్లు కొంటే దిష్టి అని మన పెద్దవాళ్ళు ఒప్పుకోరు. అదీ మంచిదే అయింది. పురిటికి పుట్టింటికి వెళ్ళిన అమ్మాయి మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డతో తిరిగొస్తుంది. ఈలోపల ఇక్కడ రంగులు వేయించి, తలుపులూ కిటికీలూ తెరిచి ఆరబెడితే ఆ వాసనంతా పోతుంది.

రంగు కొనేటప్పుడు డబ్బామీద సీసం సంగతి చదవండి. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకి 90 పాళ్ళు మించకూడదని 2016లో నియమాలు చేశారు. అవి 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చాయి. పాతఇంటి కిటికీల మీద అంతకుముందు వేసిన రంగు వుంటే గరుకుకాగితంతో గీకించకండి. ఆ పొడిలో సీసం వుండవచ్చు, అది పసిపిల్లల మెదడుకి చేటు. గర్భిణులు, చంటిపిల్లలు ఆ దరిదాపుల్లో వుండనేకూడదు. రంగు రాలుతూంటే తెలిసిన పనివాడిచేత తడిగుడ్డతో తుడిపించి, పైన కొత్తరంగు వేయించండి.

ఆడపిల్ల కనుక గులాబీరంగే వెయ్యాలేమో అనుకుంటారు. విక్టోరియా కాలంలో అలాంటి నియమమేమీ లేదు. పసిపిల్లలు ఆడైనా మగైనా తెల్లగౌన్లే తొడుక్కునేవారు. గులాబీ ఆడపిల్లలకి, నీలం మగపిల్లలకి అన్నది 20వ శతాబ్దంలో స్థిరపడిన మాట. మీకు గులాబీ ఇష్టమైతే వేసుకోండి, లేకపోతే మీగడరంగు, లేత సంపెంగరంగు, లేత ఆకుపచ్చ, ఏదైనా బాగుంటుంది. మన వైపు వానాకాలం చెమ్మకి గోడకాగితాలు ఉబ్బి, వెనకాల బూజు పడుతుంది. వాటి జోలికి పోకండి.

గోడమీద గులాబీలే ఎందుకు? మన ఉద్దానంలో జీడిమామిడి పూత చూశారు కదా! తెల్లటి రేకుల మీద గులాబీ చారలు, గుత్తులు గుత్తులుగా ఎంత సున్నితంగా వుంటుంది! ఇంగ్లీషువాళ్ళ చిన్నపూల అచ్చుకి ఏమాత్రం తీసిపోదు. పాత ఎక్స్‌రే ఫిల్ము మీద పూవు బొమ్మ గీసి కత్తిరించండి. దాన్ని గోడకి ఆనించి స్పాంజి ముక్కతో రంగు అద్దండి. నడుము ఎత్తున ఒక వరస, పైన ఒక వరస, అంతే. ఇంకో బొమ్మ కావాలంటే టెక్కలి దగ్గర తేలినీలాపురం వుంది. ఏటేటా అక్కడికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి గూళ్ళు కడతాయి. అవి వస్తే వూరికి శుభమని అక్కడివాళ్ళ నమ్మకం. ఐరోపావాళ్ళు తమ పిల్లలకి "నిన్ను కొంగ తెచ్చి ఇచ్చింది" అని కథ చెబుతారు. ఆ కొంగని మన తేలినీలాపురం కొంగగా గోడమీద ఎగరనివ్వండి.

ఇప్పుడు మంచం. నౌపడ ఉప్పు మళ్ళ మీదుగా వీచే గాలికి ఇనుము ఎన్నాళ్ళు నిలుస్తుందో మీకు తెలిసిందే. కీళ్ళ దగ్గర తుప్పు పట్టి, రంగు పెచ్చులూడి, ఆ పెచ్చులు పాప నోట్లోకి పోతాయి. ఉద్దానం పనసకి పేరుపడ్డ చోటు. పనసచెక్క కొత్తలో పసుపుగా వుండి, ఏళ్ళు గడిచేకొద్దీ ఎరుపు గోధుమరంగుకి తిరుగుతుంది. పాతకాలపు ఇంగ్లీషు సామాను అందం దానంతటదే వస్తుంది. వడ్రంగికి మూడు మాటలు గట్టిగా చెప్పండి. ఊచల మధ్య సందు 6 సెంటీమీటర్లు దాటకూడదు, దాటితే బిడ్డ వొళ్ళు జారి తల ఇరుక్కుంటుంది. మూలల్లో బట్ట తగులుకునే బొడిపెలు వుండకూడదు. చెదలు పట్టకుండా కొందరు చెక్కకి పూసే జీడితొక్క నూనె ఈ మంచానికి పూయకూడదు. ఆ నూనె తగిలితే చర్మం బొబ్బలెక్కుతుందని జీడిపప్పు బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ళ చేతులే చెబుతాయి. జీడిపిక్కలు ఒలిచిన చేత్తో బిడ్డని ఎత్తుకునే ముందు సబ్బుతో బాగా కడుక్కోండి.

పరుపు గట్టిగా, సమంగా వుండాలి. బూరుగుదూది పరుపు మెత్తన, పాప మొహం అందులో కూరుకుపోతుంది. మన కొబ్బరిపీచు పరుపు ఈ పనికి బాగుంటుంది. మంచానికీ పరుపుకీ మధ్య రెండు వేళ్ళు దూరేటంత సందు కూడా వుండకూడదు. పైన ఒక్క దుప్పటి, నాలుగువైపులా బిగించి. మొదటి ఏడాది తలగడ, ఆవాల దిండు, కుచ్చుల మెత్తలు, బొమ్మలు ఏవీ వద్దు. బిడ్డని ఎప్పుడూ వెల్లకిల పడుకోబెట్టాలి. 1990ల్లో విదేశాల్లో ఈ ఒక్క మాట ఇంటింటా చెప్పాక, నిద్రలోనే పోయే పసిపిల్లల సంఖ్య బాగా తగ్గింది. చీర ఉయ్యాల సంగతి కూడా అంతే. ఊపి జోలపాడటానికి పనికొస్తుంది, కాని అందులో మెడ వంగిపోతుంది. నిద్రపట్టాక మంచం మీదికి మార్చండి.

మరి పైనుంచి జారే ఆ పల్చటి పరదా? అది మనకి ఎప్పటినుంచో వుంది, పేరు దోమతెర! గుండ్రటి చట్రానికి కట్టి, పైకప్పు కొక్కానికి వేలాడదీసి, అంచులు పరుపుకింద దోపితే విక్టోరియా రాణి మంచం తయారు. అందమూ అదే, దోమలనుంచి కాపుదలా అదే. తెర బిడ్డకి తగలకుండా వుండాలి. పాప దేన్నైనా పట్టుకుని లేవడం మొదలుపెట్టిన రోజున ఆ తెర పైకి కట్టెయ్యాలి.

లేసుని కిటికీ తెరల అంచుకి, గూటి పలకల అంచుకి, దోమతెర పైచట్రానికి కుట్టండి. దుప్పటికి, బిడ్డ బట్టలకి వద్దు. అల్లిక కన్నాల్లో చిట్టివేళ్ళు ఇరుక్కుంటాయి, వూడిన దారం వేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది. తెరలకి మన జిల్లా పొందూరు ఖాదీకి మించిన బట్ట లేదు. వాలుగ చేప దవడ ఎముకతో దూది శుభ్రంచేసి, సన్నటి నూలు వడికి నేస్తారు. తెల్లగా, పల్చగా, గాలి ఆడేలా వుంటుంది. అమ్మమ్మ పెట్టెలోంచి తీసిన పాత లేసు వాడుకుంటే మరీ ముచ్చట. కాని కలరా ఉండలు వేసి దాచిన బట్ట ఏదీ తిన్నగా పాప దగ్గరికి తేకండి. కొంతమంది పిల్లలకి పుట్టుకతోనే ఒక రకం రక్తదోషం వుంటుంది. ఆ ఉండల వాసనకి వాళ్ళ రక్తకణాలు విరిగి పచ్చకామెర్లు ముదురుతాయి. బాగా ఉతికి రెండుమూడు రోజులు ఎండలో వెయ్యండి. ఇకముందు దాచుకోడానికి ఎండు వేపాకు చాలు.

ఇంగ్లీషు గదుల్లో మెరిసే ఇత్తడికి బదులు టెక్కలికి దగ్గర్లోనే బుడితి వుంది. అక్కడి ఇత్తడి కూజా ఒకటి పాప చెయ్యి అందని గూట్లో పెట్టండి. బొమ్మలకి ఏటికొప్పాక వుంది. అంకుడుకర్ర మీద లక్కతో, చెట్లనుంచి తీసిన రంగులతో చేస్తారు. నోట్లో పట్టేటంత చిన్నవి మాత్రం ఇవ్వకండి.

మంచానికి పైన బరువైన పటాలు, దీపాల గుత్తులు తగిలించకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరాన్ని దాటినప్పుడు తోటలు ఎలా కూలాయో, ఎన్ని రోజులు కరెంటు లేకుండా గడిపామో మరిచిపోలేదు కదా! బీరువాని గోడకి బిగించండి. మంచాన్ని కిటికీ అద్దానికి దూరంగా వెయ్యండి. కరెంటు లేని రాత్రి కూడా గాలి ఆడేలా ఎదురెదురు కిటికీలకి దోమల జాలీ కొట్టించండి.

చివరగా ఒక మాట. లేసుల మధ్య ఆడపిల్లని బొమ్మలా కూర్చోబెట్టింది కూడా ఆ కాలమే. అయితే కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో 1874లో బాలికల పాఠశాల తెరిచిందీ ఆ కాలంలోనే. ఈ రెండిటిలో మన పాపకి ఏది కావాలో మీకు తెలుసు. అందుకని ఆ మూలలో అన్నిటికన్నా ముందు ఒక పుస్తకాల గూడు చేయించండి. ఇవాళ దాని అంచుకి లేసు కుట్టి, లోపల తువ్వాళ్ళు సర్దుకోండి. రేపు పలకా బలపం వస్తాయి, ఎల్లుండి పుస్తకాలు నిండుతాయి. లేసు మాస్తుంది, పూల వరస వెలుస్తుంది, మంచం తమ్ముడికో చెల్లికో వెళుతుంది. ఆ గూడు మాత్రం ఆమెతోపాటు పెరుగుతుంది.

మీ ఇంటి మహాలక్ష్మి చల్లగా వుండాలి. సెలవు.