చక్కెర శిల్పం, మూడు రంగుల కాలర్

పోటీ అంటే ఒకరు గెలిచి మిగిలినవారు ఓడిపోవడమే అయినా, ఫ్రాన్సులో కేకులు, పేస్ట్రీలు చేసే నిపుణులు అత్యున్నతంగా భావించే ‘మెయ్యర్ ఉవ్రియే ద ఫ్రాన్స్’ పరీక్షలో మొదటి స్థానం, రెండవ స్థానం అనేవే ఉండవు. ‘ఫ్రాన్సులోని ఉత్తమ పనివారు’ అని దాని అర్థం. 1924లో మొదలై, అనేక చేతివృత్తులకు విస్తరించి, సుమారు నాలుగేళ్లకొకసారి జరిగే ఈ పరీక్షలో నిర్ణీత ప్రమాణాన్ని అందుకున్నవారందరూ ఉత్తీర్ణులే. ఎవరూ అందుకోకపోతే ఎవరికీ బిరుదు దక్కదు. తోటివాడు తడబడినంత మాత్రాన ఎవరికీ ఒరిగేదేమీ లేదు గనుక, అభ్యర్థి పోరు తన చేతులతోనూ, తాను మలచే పదార్థంతోనూ మాత్రమే సాగుతుంది.

ఆ పదార్థాలలో చక్కెర అంత మొండిది మరొకటి లేదు. అరిసెల పాకం ఒక్క క్షణం ముదిరితే ఏమవుతుందో తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసినదే. శిల్పానికి వాడే పాకాన్ని అంతకంటే ఎంతో ముదరనిచ్చి, సుమారు 150 నుంచి 160 డిగ్రీల సెల్సియస్ వరకు కాచి, కొంత చల్లారి ముద్దగా మారాక, వేడి దీపం కింద ఉంచి, సాగదీసి మడుస్తూ పోతే, పొరల మధ్య గాలి చేరి పట్టువంటి మెరుపు వస్తుంది. గాలిలోని తేమను పీల్చుకుంటే ఆ మెరుపు మాసి, బంకగా మారి కుంగుతుంది. భాగాలు ఒకే తీరున చల్లారకపోతే లోపల బిగువు పుట్టి, తాకకుండానే పగులుతుంది. చాక్లెట్‌దీ ఇంచుమించు ఇదే తంతు: అందులోని కోకో వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు, వాటిలో ఒక్కటే నిగనిగను, విరిచినప్పుడు టక్కుమనే గుణాన్ని ఇస్తుంది గనుక, డార్క్ చాక్లెట్‌ను కరిగించి, 27–28 డిగ్రీలకు చల్లార్చి, తిరిగి 31–32 డిగ్రీలకు తేవడమనే పనిని, పొయ్యిల వేడి నిండిన గదిలో, గడియారం చూసుకుంటూ చేయవలసి ఉంటుంది.

లియోన్‌లో 1989లో గాబ్రియేల్ పయసోన్ స్థాపించిన ప్రపంచ పేస్ట్రీ కప్‌లో ముగ్గురేసి సభ్యుల జట్లు తలపడతాయి గనుక, అక్కడ భారం కొంతైనా పంచుకోవచ్చు. మెయ్యర్ ఉవ్రియే పరీక్షలో ఆ వెసులుబాటు లేదు. ఉద్యోగం చేసుకుంటూనే రాత్రులు, సెలవులు సాధనకు ధారపోసినవారి శ్రమకు తుది ఘట్టంలో దక్కేది మూడు రోజులే. తీర్పు చెప్పేవారిలో ఆ బిరుదు పొందినవారే ఉండడం వల్ల దాచదగిన లోపం ఏదీ దాగదు.

2007లో లియోన్‌లో 16 మంది పాల్గొన్న ఈ పరీక్ష తుది ఘట్టాన్ని క్రిస్ హెగెడస్, డి.ఎ. పెన్నెబేకర్ ‘కింగ్స్ ఆఫ్ పేస్ట్రీ’ అనే డాక్యుమెంటరీగా 2009లో అందించారు. షికాగోలో పేస్ట్రీ పాఠశాల నడుపుతూ, పరీక్ష కోసం స్వదేశమైన ఫ్రాన్సుకు వచ్చిన జాకీ ఫైఫర్‌ను ఆ చిత్రం ప్రధానంగా అనుసరించినా, చూసినవారు మరచిపోలేనిది మరో అభ్యర్థి ఫిలిప్ రిగొలో చక్కెర శిల్పం విరిగిపోయే ఘట్టమే. నిశ్చేష్టుడై కన్నీళ్లు పెట్టుకున్న ఆయన, తిరిగి బల్ల దగ్గరకు వచ్చి మిగిలిన పనిని పూర్తిచేశారు. ఆ బిరుదుకు గుర్తుగా నీలం, తెలుపు, ఎరుపు అంచు గల కాలర్ తొడుక్కునే హక్కు ఆ ఏడాది రిగొలోకు దక్కింది, ఫైఫర్‌కు దక్కలేదు.