నాలుగు సిలిండర్ల బరువు

నాలుగు ఎక్కువా, ఎనిమిది ఎక్కువా అని రెండవ తరగతి బాలుణ్ణి అడిగితే, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు మన ముఖం వంక చూస్తాడు. కాని మోటారు ఇంజనుల చరిత్రలో ఈ ప్రశ్నకు జవాబు అంత సులభం కాదు. పాత నాలుగు సిలిండర్ల ఇంజను ఒకటి, తనకు రెట్టింపు సిలిండర్లున్న ఇంజనుకన్న ఎక్కువ బరువు తూగిన సందర్భం ఉన్నది. అది ఎట్లా సంభవించిందో విచారిస్తే, బరువు కేవలం త్రాసుకు సంబంధించిన విషయం కాదని తెలుస్తుంది.

ఇంగ్లండులో 1962లో ఎం.జి.బి. అనే చిన్న కారు వెలువడింది. దాని ఇంజను పరిమాణం 1798 ఘనసెంటీమీటర్లు, సిలిండర్లు నాలుగు, దిమ్మా, పైమూతా రెండూ పోత ఇనుమే. 1973లో అదే కారులో రోవర్ కంపెనీవారి 3528 ఘనసెంటీమీటర్ల ఇంజనును అమర్చారు. దానికి సిలిండర్లు ఎనిమిది. ఇక కారు ముందుభాగం బరువుకు కుంగిపోతుందని ఎవరైనా అనుకుంటారు. తీరా తూచి చూస్తే ఆ పెద్ద ఇంజనే సుమారు 40 పౌనులు, అనగా 18 కిలోలు, తేలిక!

దీనికి మొదటి కారణం లోహం. పెద్ద ఇంజను దిమ్మ అల్యూమినియంతో పోసినది. నీటితో పోలిస్తే పోత ఇనుము ఏడు రెట్లకు పైగా బరువు. అల్యూమినియం మూడు రెట్లకు లోపే. అట్లయితే పూర్వులు ఇనుమునే ఏల నమ్ముకున్నారు? అది చవక. కరిగిస్తే అచ్చు మూలమూలలకూ పారుతుంది. దానిలో పొరలుపొరలుగా ఉండే గ్రాఫైటు ఒరిపిడిని తగ్గిస్తుంది, అదురును మింగుతుంది. అల్యూమినియం గోడ పిస్టను రాపిడికి తాళలేదు గనుక లోపల మళ్ళీ ఇనుప గొట్టాలు దిగవేయవలసి వచ్చింది. రోవర్ వాడిన ఆ ఇంజను అసలు అమెరికాలో బ్యూయిక్ కారుకై 1961లో పుట్టినదే. పోతపనికి ఖర్చు హెచ్చడంతో అక్కడివారు 1963తో దానిని విడిచిపెట్టగా, 1965లో రోవర్ వారు హక్కులు కొనుక్కున్నారు.

రెండవ కారణం అనుమానం. సిలిండర్ల చుట్టూ నీరు ప్రవహించే ఖాళీలుండాలి. ఆ ఖాళీల ఆకారంలో ఇసుకముద్దలు చేసి, అచ్చులో నిలబెట్టి, కరిగిన ఇనుమును పోస్తారు. ఆ వేడిలో, ఆ ఒరవడిలో ఇసుకముద్ద కొంచెం జరిగిందా, గోడ ఒకవైపు మందమై, ఇంకొకవైపు పలుచనై చిల్లు పడుతుంది. అందుకని గోడను అన్నివైపులా అవసరానికి మించి మందంగా గీసేవారు. ఇసుకముద్దలు చేయడంలో నేర్పు పెరిగిన తరువాత, 1962లో ఫోర్డు కంపెనీ పలుచని గోడల ఇనుప ఇంజనునే తయారుచేసి చూపింది. అనగా తప్పంతా ఇనుముదే కాదు. బరువులో కొంత భాగం, చేతికి ఇంకా చిక్కని నైపుణ్యానికి చెల్లించిన మూల్యం.

మూడవ కారణం చట్టం. బ్రిటనులో 1910 నుంచి 1940ల చివరి దాకా కారు మీద పన్నును సిలిండరు వెడల్పునుబట్టి, సిలిండర్ల సంఖ్యనుబట్టి లెక్కకట్టేవారు. పిస్టను ఎంత దూరం నడిచినా అడిగేవాడు లేడు. 1921 నుంచి ఆ లెక్కలోని ఒక్కొక్క అశ్వశక్తికి ఒక్కొక్క పౌను చెల్లించవలసి వచ్చింది. ఇంజను నిర్మాతలు వెడల్పు తగ్గించి పొడుగు పెంచారు. సిలిండరు పొడుగైతే దిమ్మ ఎత్తు పెరుగుతుంది. ఎత్తు పెరిగితే ఇనుమూ పెరుగుతుంది. ఎం.జి.బి. ఇంజనుకు మూలపురుషుడు 1947 నాటి ఆస్టిన్ కారు ఇంజను. అప్పుడు సిలిండరు వెడల్పు సుమారు 65 మిల్లీమీటర్లు. పిస్టను నడక 89. కాలక్రమాన వెడల్పు 73కు, 80కి పెరిగింది గాని, నడక మాత్రం 89 దగ్గరనే నిలిచిపోయింది. పన్ను పోయినా ఆ పన్ను నాటి కొలత పోలేదు.

చివరిది అమరిక. ఎనిమిది సిలిండర్లను నాలుగేసిగా రెండు వరుసల్లో, 'వి' ఆకారంలో పేరిస్తే దిమ్మ పొడవు ఇంచుమించు నాలుగు సిలిండర్ల దిమ్మ అంతే అవుతుంది. ఎదురెదురు సిలిండర్ల కడ్డీలు రెండూ క్రాంక్ షాఫ్టును ఒకే చోట పట్టుకుంటాయి. సంఖ్య రెట్టింపయినా పొడవు రెట్టింపు కాదు.

ఈ కథ మనకు దూరమైనది కాదు. ఉత్తరపారాలో తయారై, 2014 దాకా వెలువడిన అంబాసిడరు కారులో చాలాకాలం పనిచేసిన 1489 ఘనసెంటీమీటర్ల ఇంజను ఆ వంశానిదే. కలెక్టరుగారి వాహనంగానూ, పెళ్ళివారి టాక్సీగానూ మన ఊళ్ళన్నీ తిరిగినది అదే. దానిని దింపాలంటే గొలుసు కప్పీ కావలసి వచ్చేది. ఆ బరువు ఊరికే పోలేదు. ప్రతి మైలుకూ పెట్రోలు రూపంలో బాడుగ వసూలు చేసింది. ముందు స్ప్రింగులు గట్టివి కావాలి, బ్రేకులు గట్టివి కావాలి. బరువు బరువును పిలుస్తుంది.

అయితే ఆ మందపు గోడలకు ఇంకొక గుణం ఉన్నది. సిలిండరు అరిగితే మేస్త్రీ దానిని కొంచెం వెడల్పుగా తొలిపించి, అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన 20, ఆపైన 40 పెద్దదైన పిస్టను వేసేవాడు. అదీ తీరితే లోపల కొత్త గొట్టం దిగవేసేవాడు. ఒకే దిమ్మ రెండు మూడు జన్మలెత్తేది. పోతపనివాడు భయంతో మిగిల్చిన ఇనుము, ముప్పై ఏళ్ళ తరువాత ఎక్కడో ఒక టాక్సీవాని సంసారానికి ఆధారమయింది. గోడను పలుచన చేసి బరువు తగ్గించినచోట ఈ సదుపాయం కూడా కొంత తగ్గింది.

పాత వస్తువు ఏల ఇంత బరువని విద్యార్థి అడిగినప్పుడు, వెనకటివారికి తెలియక అని చెప్పి ఊరుకోవడం తేలిక. ఆ బరువులో తెలియనితనం ఎంత, చట్టం ఎంత, పొదుపు ఎంత, ముందుచూపు ఎంత అని విడదీసి చూపడమే ఉపాధ్యాయుని పని. ఆ నాలుగింటినీ ఒకే కుప్పగా తూస్తే త్రాసు కిలోలను చెబుతుంది గాని, ఏది పారవేయవలసినదో, ఏది దాచుకోవలసినదో చెప్పదు.