కోనసీమ స్మాష్!

2023 ఏప్రిల్ 14. జపాన్‌లోని సోకా పట్టణం. యోనెక్స్ ఫ్యాక్టరీ జిమ్నాజియంలో ఆరడుగుల కుర్రాడొకడు రాకెట్ పట్టుకుని నిల్చున్నాడు. షటిల్ తలమీదికి వచ్చింది. ఒక్కటే దెబ్బ! వేగాన్ని కొలిచే యంత్రం చూపించిన అంకె... గంటకు 565 కిలోమీటర్లు. ఫార్ములా వన్ కారు రేసులో అందుకునే వేగం కూడా 400లోపే!

అంతకుముందు ఆ రికార్డు మలేసియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్‌ది. 2013లో అతడు కొట్టిన స్మాష్ వేగం 493 కిలోమీటర్లు. దాన్ని బద్దలుకొట్టి గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కిన కుర్రాడిది మన అమలాపురం. పేరు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్.

అయితే, ఆ దెబ్బ ఒక్కటే అతణ్ని ప్రపంచ నంబర్‌వన్‌ని చేయలేదు. డబుల్స్‌లో వెనక ఉన్నవాడు ఎంత గట్టిగా కొట్టినా, తిరిగొచ్చిన షటిల్‌ని ముందున్నవాడు అందుకోకపోతే పాయింటు పోయినట్టే. సాత్విక్ కథంతా ఆ ‘ముందున్నవాడి’తో కలిసి నడిచిన కథ.

మాస్టారి అబ్బాయి

సాత్విక్ 2000 ఆగస్టు 13న పుట్టాడు. నాన్న వ్యాయామ ఉపాధ్యాయుడు, ఒకప్పుడు రాష్ట్రస్థాయిలో బ్యాడ్మింటన్ ఆడినవాడు. అమ్మ కూడా టీచరే. అన్నయ్యా రాకెట్ పట్టినవాడే. అలాంటి ఇంట్లో చిన్నోడు ఆ ఆటలోకి రావడంలో వింతేమీ లేదు. 2014లో కొబ్బరితోటల ఊరు వదిలి హైదరాబాద్‌లోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరాడు.

వింతల్లా అతడు డబుల్స్ దారి పట్టడమే. మనదేశంలో బ్యాడ్మింటన్ అంటే సింగిల్సే. 1980లో ప్రకాశ్ పదుకొనె, 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచింది సింగిల్స్‌లోనే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనా, 2016 రియోలో సింధు పతకాలు తెచ్చిందీ అందులోనే. డబుల్స్‌లో చెప్పుకోవాలంటే 2011 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో గుత్తా జ్వాల, అశ్వినీ పొన్నప్ప గెలిచిన కాంస్యం ఉంది. పురుషుల డబుల్స్‌లో అదీ లేదు.

ఇద్దరూ వెనకే!

ఆ లోటు తీర్చేందుకు నడుం కట్టినవాడు మలేసియా కోచ్ టాన్ కిమ్ హెర్. సాత్విక్‌ను ముంబయి కుర్రాడు చిరాగ్ శెట్టితో జతకట్టించాడు. మొదట్లో ఆ జోడీ ఇద్దరికీ మింగుడుపడలేదు. ఎందుకంటే ఇద్దరూ వెనకనుంచి స్మాష్‌లు బాదేవాళ్లే. డబుల్స్‌లో దాడికి దిగినప్పుడు ఒకడు వెనక నిలబడి కొట్టాలి, మరొకడు నెట్ దగ్గర కాపు కాయాలి. ఎదుటివాళ్లు దాడి చేస్తే క్షణంలో ఇద్దరూ పక్కపక్కకు సర్దుకోవాలి. ఇద్దరూ వెనకే ఉంటానంటే ఆట సాగదు.

చివరికి నెట్ బాధ్యత ఎక్కువగా చిరాగ్‌కి వచ్చింది, వెనకనుంచి బాదే పని సాత్విక్‌కి. ఊళ్లు వేరు, భాషలు వేరు. సాత్విక్‌కి మొదట్లో హిందీ అంతంతమాత్రం. అయినా కోర్టులో మాట్లాడుకోవాల్సిన భాషను ఇద్దరూ మెల్లగా నేర్చుకున్నారు.

ఫలితం త్వరగానే కనిపించింది. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో డబుల్స్ రజతం, మిక్స్‌డ్ టీమ్ స్వర్ణం. 2019 ఆగస్టులో థాయ్‌లాండ్ ఓపెన్ ఫైనల్లో ప్రపంచ ఛాంపియన్లుగా ఉన్న చైనా జోడీ లీ జున్‌హుయి, లియు యుచెన్‌లను ఓడించారు. సూపర్ 500 స్థాయి టైటిల్ నెగ్గిన తొలి భారత పురుషుల జోడీ వాళ్లదే.

గెలిచినా ఇంటికే

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ ఈ జోడీకి విచిత్రమైన అనుభవం. గ్రూపులో మూడు మ్యాచ్‌లు ఆడి రెండు గెలిచారు. అయినా క్వార్టర్ ఫైనల్‌కి వెళ్లలేదు! ఆ గ్రూపులో మూడు జోడీలు తలా రెండేసి మ్యాచ్‌లు నెగ్గడంతో, గెలిచిన గేములెన్ని, ఓడినవెన్ని అని లెక్క తీశారు. అందులో మనవాళ్లు వెనకబడ్డారు. తొలి మ్యాచ్‌లో సాత్విక్, చిరాగ్‌ల చేతిలో ఓడిన చైనీస్ తైపీ జోడీ లీ యాంగ్, వాంగ్ చి-లిన్ ముందుకెళ్లి ఏకంగా స్వర్ణమే గెలిచింది.

ఆ బాధను దిగమింగి మళ్లీ రాకెట్ పట్టారు. 2022 మేలో బ్యాంకాక్‌లో థామస్ కప్ ఫైనల్. ఎదురుగా ఇండొనేసియా. మనవాళ్లు తొలి గేము పోగొట్టుకున్నారు, రెండో గేములో మ్యాచ్ పాయింట్లు కాచుకున్నారు, చివరికి 18-21, 23-21, 21-19తో గట్టెక్కారు. భారత్ 3-0తో తొలిసారి ఆ కప్పు అందుకుంది. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం.

ఎనిమిదిసార్లు ఓడి...

ఎంతమందిని గెలిచినా ఒక జోడీ మాత్రం కొరకరాని కొయ్యగా మిగిలింది. మలేసియాకు చెందిన ఆరోన్ చియా, సో వూయి యిక్. ఆ ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీస్‌లో మనవాళ్లను ఆపిందీ వీళ్లే. ఎనిమిదిసార్లు తలపడితే ఎనిమిదిసార్లూ ఓటమే.

2023 జూన్‌లో జకార్తాలో ఇండొనేసియా ఓపెన్ ఫైనల్. అవతల మళ్లీ వాళ్లే. ఈసారి 21-17, 21-18తో రెండు గేముల్లోనే పని ముగిసింది. సూపర్ 1000 టైటిల్ నెగ్గిన తొలి భారత జోడీగా సాత్విక్, చిరాగ్ చరిత్రకెక్కారు. అంతకు రెండు నెలల ముందే ఆసియా ఛాంపియన్‌షిప్ గెలిచారు. 1965లో దినేశ్ ఖన్నా తర్వాత మనకు అందులో స్వర్ణం రావడం అదే మొదలు.

అక్టోబరులో హాంగ్జౌ ఆసియా క్రీడలు. సెమీస్‌లో ఆరోన్, సో జోడీని, ఫైనల్లో కొరియా జోడీని ఓడించి బ్యాడ్మింటన్‌లో దేశానికి తొలి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చారు. ఆ వెంటనే ప్రపంచ నంబర్‌వన్ ర్యాంకు. 2023 సంవత్సరానికి ఖేల్‌రత్న కూడా వాళ్లకే. 2024 జనవరిలో పురస్కారాలిచ్చే సమయానికి ఇద్దరూ మలేసియాలో ఆడుతుండటంతో అప్పటికి అందుకోలేకపోయారు.

ప్యారిస్... రెండుసార్లు

2024 ప్యారిస్ ఒలింపిక్స్‌కి పతకం ఖాయమన్న అంచనాలతో వెళ్లారు. క్వార్టర్ ఫైనల్లో ఎదురైంది... ఆరోన్, సో జోడీయే. తొలి గేము 21-13తో మనదే. తర్వాతి రెండూ 14-21, 16-21తో చేజారాయి. డెన్మార్క్ మాజీ స్టార్, ఈ జోడీని తీర్చిదిద్దిన కోచ్ మథియాస్ బో ఆ ఓటమి తర్వాత కోచింగ్‌కే సెలవు చెప్పాడు.

అంతకన్నా పెద్ద దెబ్బ 2025 ఫిబ్రవరి 20న తగిలింది. కొడుక్కి జరిగే సన్మానం చూడాలని దిల్లీ ప్రయాణమైన నాన్న, అదే రోజు గుండెపోటుతో కన్నుమూశాడు. ఆ మేలో ఖేల్‌రత్న సాత్విక్ చేతికి అందింది. చూసి మురిసిపోవాల్సిన మాస్టారు లేడు.

ఆగస్టులో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కోసం మళ్లీ ప్యారిస్ వెళ్లాడు. అదే నగరం, అదే స్టేడియం. క్వార్టర్ ఫైనల్లో అదే జోడీ! మొదటి గేము 21-12. రెండోది నువ్వా నేనా అన్నట్టు సాగి 21-19. ఏడాది క్రితం తలవంచుకుని బయటికి నడిచిన చోటే సాత్విక్, చిరాగ్ పతకం ఖాయం చేసుకున్నారు. సెమీస్‌లో చైనా జోడీ చేతిలో ఓడినా, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రెండో కాంస్యం వాళ్ల ఖాతాలో చేరింది.

2025 ముగిసేనాటికి సాత్విక్ వయసు పాతికేళ్లు. ఒలింపిక్ పతకం, ఆల్ ఇంగ్లండ్ టైటిల్... ఈ రెండూ ఇంకా అందలేదు. కోచ్‌గా మళ్లీ పక్కన నిలబడింది, ఒకప్పుడు ‘ఇద్దరూ కలిసి ఆడండి’ అని పట్టుబట్టిన ఆ టాన్ కిమ్ హెరే.